మన ఇంటి వైఫైలో అపరిచితుడెవరు?

గాంధారి కామారెడ్డి జిల్లాలోని ఒక మండల కేంద్రము. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది నిజామాబాదు జిల్లాలో ఉండెడిది. ఈ ఊర నాకు పరిచితులైన ఒక గణితోపాధ్యాయుల యింట గత వర్షాకాలమున జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించెదను.

ఇంటి క్రింది భాగములో ఉపాధ్యాయుల కుటుంబము, మేడమీద అద్దెకున్న ఒక రైతు కుటుంబము నివసించుచున్నవి. ఆ రైతు కుమారుడు ఇంటర్మీడియట్ విద్యార్థి. సాయంకాలములందు క్రిందికి వచ్చి ఉపాధ్యాయుల వద్ద లెక్కలు చెప్పించుకొనెడివాడు. వర్షాకాలము మొదలైన కొన్నాళ్లకు ఉపాధ్యాయుల కుమార్తె ఫోనులో ఇంటర్నెట్టు ఉండియుండి ఆగిపోసాగెను. గేటు వద్దనున్న సీసీ కెమెరా బొమ్మయు అట్లే మధ్యమధ్య మాయమగుచుండెను. ఉపాధ్యాయులు రౌటరు పేజీని తెరచి చూడగా అందులో 9 పరికరముల వరుసలు కనబడినవి. ఇంట ఉన్నవి, వారి లెక్క ప్రకారము, అయిదే: మూడు ఫోనులు, ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ. తక్కిన నాలుగింటిలో రెండింటికి పేరే లేదు. ఒకదానికి ఎన్నడు విననట్టి ఏదో కంపెనీ పేరున్నది.

సందేహము సహజముగా మేడమీదికి పోయినది. ఉపాధ్యాయులు ఆ బాలుని పిలిచి ఒక మాట అడిగిరి. బాలుడు ఏమియు చెప్పక తలవంచుకొని వెళ్లిపోయెను. వాని తల్లి మాత్రము మెట్లమీద నిలువబడి, "సార్, మా పిలగాడు అసుంటోడు గాదు" అన్నది. ఆనాటినుండి బాలుడు లెక్కలకు రావడము మానివేసెను. ఆ తరువాత మూడు దినములకు నేనా యింటికి వెళ్లుట తటస్థించినది.

నేడు ఇటువంటి సందేహము ఎన్నియో ఇండ్లలో కలుగుచున్నది. దీనిని తీర్చుకొనుటకు పెద్ద చదువు అవసరము లేదు. రౌటరు జాబితాలో కనబడు సంఖ్యలేమిటో, అవి ఎవరికి ఎట్లు లభించునో తెలిసినచో చాలును. ఆ సంగతులను వరుసగా చూతము.

గోడలు ఆపలేని సంధానము

తీగతో వచ్చు సంధానమునకు ఒక సౌలభ్యము కలదు. తీగ ఎక్కడికి పోవుచున్నదో కంటితో చూడవచ్చును. వైఫైకి అట్టి వీలు లేదు. రౌటరు రేడియో తరంగముల ద్వారా మాటలాడును. అందులో ముఖ్యముగా రెండు పట్టీలు వాడుకలో నున్నవి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ, రెండవది 5 గిగాహెర్ట్జ్ పట్టీ. మొదటిదాని తరంగదైర్ఘ్యము సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 6 సెంటీమీటర్లు. పొడవైన తరంగములు గోడలను దాటుటలో మెరుగు. అందుచేత మన రౌటరు మేడమీదికి, వీధి యవతలి దుకాణమునకు కూడ వినబడుట వింత కాదు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోని అల్పశక్తి పరికరములను ఎవరైనను లైసెన్సు లేకుండ వాడుకొనవచ్చునని మన దేశములో 2005లో అనుమతి లభించినది.

తరంగము వినబడుట వేరు, సంధానము కలుగుట వేరు. గోడలు చేయలేని కాపలాను రహస్యపదము, అనగా పాస్‌వర్డు, చేయుచున్నది. కనుక జాబితాలో ఒక కొత్త పరికరము చేరినదన్నచో దానికి ఎవరో రహస్యపదము చెప్పియుండవలెను, లేదా అది దొంగిలింపబడి యుండవలెను. ఈ రెండింటిలో మొదటిదే తరచు జరుగునది.

ప్రతి పరికరమునకు రెండు సంఖ్యలు

రౌటరు జాబితాలో ప్రతి వరుసకు ఎదురుగా రెండు సంఖ్యలుండును. ఈ రెండింటి భేదము తెలియకపోవుటయే సగము గందరగోళమునకు కారణము.

మొదటిది మాక్ సంఖ్య. నేడు పశువుల చెవులకు 12 అంకెల పసుపు బిళ్లలు వేయుట విద్యార్థులు చూచియే యుందురు. పశువు ఏ కొట్టములో నున్నను, ఏ అంగడికి పోయినను ఆ సంఖ్య మారదు. మాక్ సంఖ్య కూడ పరికరమునకు కర్మాగారములో వేయబడు అట్టి బిళ్ల వంటిది. ఇందును 12 అంకెలే యుండును. అయితే ఇవి షోడశమానములోని అంకెలు. అనగా 0 నుండి 9 వరకు మామూలు అంకెలు, ఆపైన 10కి ఎ, 11కు బి, 12కు సి, 13కు డి, 14కు ఇ, 15కు ఎఫ్ అని గుర్తులు. ఒక్కొక్క అంకె 4 ద్విసంఖ్యాంకములకు సమానము కనుక మాక్ సంఖ్య మొత్తము 48 ద్విసంఖ్యాంకముల పొడవు గలది. ఈ పొడవులో సుమారు 281 లక్షల కోట్ల వేర్వేరు సంఖ్యలు ఇమిడియున్నవి. మొదటి 6 అంకెలు తయారుచేసిన సంస్థను తెలుపును. అమెరికాలోని విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంఘము (ఐ.ఇ.ఇ.ఇ.) వీటిని సంస్థలకు కేటాయించును. తక్కిన 6 అంకెలను ఆ సంస్థ తన పరికరములకు వరుసగా ఇచ్చుకొనును.

రెండవది ఐపీ చిరునామా. ఇది పశువు నిలిచిన కొట్టపు సంఖ్య వంటిది. కొట్టము మారినచో సంఖ్య మారును. 1981లో స్థిరపడిన నాలుగవ రూపములో ఈ చిరునామా 32 ద్విసంఖ్యాంకముల పొడవు గలది. దానిని చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుగా వ్రాయుదురు. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చును. 192.168.1.5 అట్టిదే. మొత్తము చిరునామాలు 2 యొక్క 32వ ఘాతము, అనగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. భూమిపైనున్న జనులకు తలకొకటి చొప్పున కూడ ఇవి చాలవు. ప్రపంచ భాండాగారములోని చివరి పెద్ద భాగములు 2011 ఫిబ్రవరి 3న పంచబడినవి.

ఈ కొరతను ముందే ఊహించి 1996లో కొన్ని చిరునామాలను ఇంటి లోపలి వాడుకకై ప్రత్యేకించిరి. 192.168తో మొదలగునవన్నియు అట్టివి. గాంధారిలోని ఇంటిలో 192.168.1.5 ఉండవచ్చును. ఎల్లారెడ్డిలోని మరియొక ఇంటిలోను అదే యుండవచ్చును. ప్రతి ఊరిలోను బడి వీధి యున్నంత మాత్రమున ఊళ్లు కలగాపులగము కావు గదా! ఇల్లు దాటి బయటకు పోవునపుడు రౌటరు లోపలి చిరునామాను తీసివేసి తనకు గల బయటి చిరునామాను పెట్టి పంపును. అనగా బయటి ప్రపంచమునకు మన ఇంటిలోని తొమ్మిది పరికరములును ఒకే చిరునామాతో కనబడును. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీని అవసరము ముందు రానున్నది.

చిరునామా అద్దెకు లభించును

ఫోనును ఇంటికి తేగానే దానికి చిరునామా ఎట్లు వచ్చినది? మనమెవ్వరము వ్రాసి ఇవ్వలేదు. ఈ పని రౌటరులోని ఒక సేవ చేయును. దానిని డీహెచ్‌సీపీ అందురు. దీని పనితీరును సత్రపు గుమాస్తాతో పోల్చవచ్చును.

యాత్రికుడు సత్రమునకు వచ్చి, "ఇక్కడ గదులిచ్చువారెవరు?" అని కేక వేయును. గుమాస్తా "5వ నంబరు గది ఖాళీగా నున్నది" అనును. యాత్రికుడు "అయితే నాకు 5వ గదియే ఇండు" అనును. గుమాస్తా పుస్తకములో వ్రాసికొని "సరే, రేపు ఈ వేళవరకు నీదే" అనును. ఫోనునకు రౌటరునకు మధ్య సరిగా ఈ నాలుగు మాటలే నడచును: అన్వేషణ, ప్రతిపాదన, అభ్యర్థన, అంగీకారము. పుస్తకములో గుమాస్తా వ్రాసికొనునది ఫోను మాక్ సంఖ్య. గడువు అనేక గృహములందు 24 గంటలుండును. గడువులో సగము గడచునప్పటికి ఫోను తనంతట తానే గడువు పొడిగింపుమని అడుగును. కనుకనే ఒకే ఫోనునకు తరచు ఒకే చిరునామా నిలిచియుండును. కాని అది సొంతము కాదు, అద్దెది. నిన్న 192.168.1.7 అమ్మ ఫోను కావచ్చును, నేడు చుట్టపు ఫోను కావచ్చును.

చిరునామా దొరికినను పని పూర్తి కాలేదు. 192.168.1.10కి ఒక సందేశము అందజేయవలెనన్నచో రౌటరు మొదట "192.168.1.10 ఎవరిది?" అని ఇల్లంతటికి వినబడునట్లు అడుగును. ఆ చిరునామా గలది "నాది, నా మాక్ సంఖ్య ఇది" అని బదులిచ్చును. ఈ ప్రశ్నోత్తర పద్ధతి 1982 నుండి వాడుకలో నున్నది. రౌటరు ఆ జవాబును కొంతసేపు జ్ఞాపకముంచుకొని, ఆ మాక్ సంఖ్యకే సందేశములు పంపును. జవాబు నిజమా అని అది విచారింపదు. చిరునామా చిక్కులలో చాల భాగము ఇక్కడినుండియే పుట్టుచున్నవి.

నాలుగు విధముల చిక్కులు

మొదటి చిక్కు: ఒకే చిరునామాకు ఇద్దరు యజమానులు. కొన్ని పరికరములకు, ముఖ్యముగా కెమెరాలకు, ప్రింటర్లకు, అమర్చువారు చిరునామాను చేతితోనే వ్రాసిపెట్టుదురు. ఇట్టి పరికరము గుమాస్తాను అడుగదు. గుమాస్తా పుస్తకములో దాని పేరుండదు. ఒకనాడు ఆ పరికరము ఆగియున్న వేళ గుమాస్తా ఆ గది ఖాళీగా నున్నదనుకొని మరొకరికి ఇచ్చును. తరువాత ఇద్దరును "నాది, నాది" అని జవాబిచ్చుచుందురు. ఆఖరున ఎవరి జవాబు వినబడినదో వారికి సందేశములు పోవును. కొంతసేపు ఒకటి పనిచేయును, కొంతసేపు మరొకటి. రెండు పరికరములు వంతులవారీగా చెడిపోవుచున్నచో దీనిని మొదట అనుమానింపవలెను. పరీక్ష సులభము. ఒకదానిని పూర్తిగా ఆపివేసి, ల్యాప్‌టాపు నుండి ఆ చిరునామాను పింగ్ అను ఆజ్ఞతో పిలువవలెను. ఆపినదాని చిరునామానుండి ఇంకను జవాబు వచ్చినచో రెండవ యజమాని ఉన్నట్లే. కెమెరాకు చిరునామాను రౌటరు పుస్తకములోనే శాశ్వతముగా కేటాయించి, కెమెరాను గుమాస్తాను అడిగి తీసికొనునట్లు మార్చుట దీనికి మందు.

రెండవ చిక్కు: ఒక సత్రమునకు ఇద్దరు గుమాస్తాలు. వెనుక గదికి తరంగము అందుటలేదని పాత రౌటరు నొకదానిని తెచ్చి తీగతో తగిలింతురు. రెండును చిరునామాలు పంచ మొదలుపెట్టును. రెండవదానివద్ద చిరునామా పొందిన ఫోను బయటికి దారి తెలియక నిలిచిపోవును, లేదా రెండు రౌటర్లును 192.168.1.1 అను ఒకే చిరునామా తమదని వాదించును. రెండవ రౌటరులో డీహెచ్‌సీపీని ఆపివేసి, దాని సొంత చిరునామాను పంపకములో లేని వేరొక సంఖ్యకు మార్చి, తీగను దాని లోపలి రంధ్రములలో నొకదానికి తగిలించినచో అది గుమాస్తాగిరి మాని తరంగములు పంచు పని మాత్రమే చేయును.

మూడవ చిక్కు: గదులు నిండిపోవుట. దీనిని పాఠశాలలలో చూడవచ్చును. రౌటరులో పంచవలసిన చిరునామాలు 192.168.1.100 నుండి 149 వరకు అని నిర్ణయించి యుండెననుకొందము. అవి 50. తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చిన 60 మంది ఫోనులకు వైఫై తెలిపినచో 51వ ఫోను మొదలుకొని చిరునామా దొరకదు. సమావేశము ముగిసి అందరు వెళ్లినను, గడువు 24 గంటలైనచో ఆ 50 గదులు మరునాటివరకు మూసియే యుండును. ఆ సాయంత్రము తెరచిన ప్రధానోపాధ్యాయుల కంప్యూటరుకు కూడ చిరునామా ఉండదు. "ఎవరో మన నెట్టు వాడుకొనుచున్నారు" అని అందరును అనుకొందురు. నిజమునకు అక్కడ ఎవరును లేరు. పరిధిని 50 నుండి 249 వరకు పెంచినచో 200 చిరునామాలగును. లేదా గడువును ఒక గంటకు తగ్గింపవచ్చును.

నాలుగవ చిక్కు: గుమాస్తా పలుకకపోవుట. ఫోనులోగాని కంప్యూటరులోగాని చిరునామా 169.254తో మొదలగుచున్నచో దాని అర్థమొక్కటే. అది చిరునామా కొరకు అడిగినది, ఎవరును ఇవ్వలేదు, కనుక తనకు తానే ఒకటి పెట్టుకొన్నది. అది దొంగయు కాదు, వైరసును కాదు. సత్రపు అరుగుమీద పడుకొన్న యాత్రికుడు. రౌటరును ఒకసారి ఆపి, అర నిముషము తరువాత తిరిగి వేయుట, రహస్యపదము సరిచూచుట, గదులు నిండినవేమో చూచుట ఇందుకు క్రమము.

మన పల్లెలలో ఈ చిక్కులకు కరెంటు పోకడ తోడగును. అనేక రౌటర్లు తమ పుస్తకమును తాత్కాలిక జ్ఞాపకములో మాత్రమే ఉంచుకొనును. కరెంటు పోయి రాగానే పుస్తకము ఖాళీ. కొన్ని పరికరములు ఇన్వర్టరుపై నుండి, కొన్ని లేకపోయినచో ఒకటి ఆగియున్న వేళ మరొకటి దాని గదిలోనికి చేరుట జరుగుచుండును.

మారువేషము వేయు ఫోనులు

మాక్ సంఖ్య ఎన్నటికిని మారని చెవి బిళ్ల వంటిదని పైన చెప్పితిని. కొన్నేండ్లుగా ఫోనుల విషయములో ఇది పూర్తిగా నిజము కాదు. మారని సంఖ్య ఉండుట వలన ఒక కీడు కలదు. మనిషి ఏ దుకాణమునకు, ఏ స్టేషనుకు పోయినను అక్కడి వైఫై యంత్రములు ఆ సంఖ్యను గుర్తించి అతని రాకపోకలను లెక్కగట్టవచ్చును. దీనిని నివారించుటకై 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుండి ఫోనులు ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత సంఖ్యను వాడుచున్నవి. సాధారణముగా ఒక ఇంటిలో ఒకే కల్పిత సంఖ్య నిలిచియుండును. అయితే ఫోనులో ఆ వైఫైని తొలగించి మరల చేర్చినపుడు, కొన్ని అమరికలలో కొంతకాలమునకొకసారి, కొత్త సంఖ్య పుట్టవచ్చును. అప్పుడు రౌటరు దృష్టిలో పాత ఫోను వెళ్లిపోయి ఒక కొత్త అపరిచితుడు వచ్చినట్లగును.

ఈ మారువేషమును పట్టుకొనుటకు చక్కని గణిత సూచన ఒకటి కలదు. మాక్ సంఖ్యలో ఎడమనుండి రెండవ అంకెను చూడుడు. అది 2, 6, ఎ, ఇ లలో ఒకటైనచో ఆ సంఖ్య కర్మాగారపుది కాదు, పరికరములోనే కల్పింపబడినది. కారణమేమనగా, ఆ అంకెను ద్విసంఖ్యామానములో వ్రాసినపుడు కుడినుండి రెండవ స్థానమున 1 ఉన్నచో "స్థానికముగా ఇయ్యబడినది" అని ఇంజనీర్ల సంఘపు నియమము. చివరి స్థానమున 0 ఉన్నచో "ఒక్క పరికరమునకు చెందినది" అని అర్థము. ఈ రెండు షరతులకు సరిపోవునవి 0010, 0110, 1010, 1110 మాత్రమే. అవియే 2, 6, 10, 14. ఉదాహరణకు డి6-3ఎ-91-0సి-44-7బి అను సంఖ్యలో రెండవ అంకె 6. కనుక ఇది కల్పిత సంఖ్య, బహుశః ఏదో ఒక ఫోను. తరంగములను పొడిగించు యంత్రములు కూడ ఇట్టి సంఖ్యలను వాడుట కలదు.

ఇక పేర్ల సంగతి. కర్మాగారపు సంఖ్యయే యున్నను, దానినుండి తెలియు పేరు పెట్టెమీది పేరు కాకపోవచ్చును. ఎందుకనగా అది లోపలనున్న వైఫై చిప్పును, లేదా పరికరమును కూర్చిన సంస్థను తెలుపును. చవకగా దొరకు వైఫై బల్బులు, ప్లగ్గులు అనేకము చైనాలోని ఎస్ప్రెసిఫ్ అను సంస్థ చిప్పులతో పనిచేయును. వాటిని కొన్నవారు ఆ పేరు ఎన్నడును విని యుండరు. అపరిచితమైన పేరు అపరిచితుడైన మనిషికి గుర్తు కాదు.

శోధన చేయు క్రమము

ఉపాధ్యాయుల యింట మేము చేసిన పనిని ఇప్పుడు చెప్పెదను. ఇది ఎవరైనను ఒక గంటలో చేయదగినది.

మొదట ఒక కాగితముపై రౌటరు జాబితాలోని 9 వరుసలను పేరు, మాక్ సంఖ్య, ఐపీ చిరునామాలతో వ్రాసికొంటిమి. రెండవది, ఇంటిలోని ప్రతి ఫోను అమరికలలో అది వాడుచున్న మాక్ సంఖ్యను చూచి, కాగితములో దాని ఎదుట గుర్తు పెట్టితిమి. అయిదు పరికరములకు అయిదు వరుసలు సరిపోయినవి. మూడవది, ఇల్లంతయు తిరిగి వైఫై గల ప్రతి వస్తువును వెదకితిమి. మనుష్యులు తమ ఫోనులను లెక్కింతురు గాని గోడమీది వస్తువులను లెక్కింపరు. దీపావళికి కొన్న వరండా బల్బు మాట అందరును మరచిరి. దానిని ఆపగా ఒక వరుస మాయమైనది. ఎన్నడు విననట్టి కంపెనీ పేరు గల వరుస అదియే. గేటు కెమెరాను ఆపగా మరొకటి పోయినది. పేరులేని రెండింటిలో అది ఒకటి.

మిగిలినవి రెండు వరుసలు. ఒకదాని మాక్ సంఖ్యలో రెండవ అంకె ఇ. అది కల్పిత సంఖ్య. ఉపాధ్యాయుల భార్య క్రిందటివారము తన ఫోనులో వైఫైని తొలగించి మరల చేర్చినారట. ఆ రౌటరు వెళ్లిపోయిన పరికరములను కూడ కొన్నాళ్లు జాబితాలో నుంచును. అది ఆమె ఫోను పాత వేషమే.

చివరిది మాత్రము నిజముగా ఇంటిది కాదు. దాని చిరునామాను చూచుచు మేము ఆలోచించుచుండగా, ఇంటి పెద్దమ్మగారు లోపలినుండి, "ముంగటి దుకాణమాయనకు సిగ్నల్ వస్తలేదంటే మొన్న పొల్లతోని పాస్‌వర్డ్ చెప్పిచ్చిన గదా" అనిరి. కిరాణా దుకాణములో ఫోను ద్వారా సొమ్ము తీసికొనుటకు ఒకనాడు సిగ్నలు అందలేదు. ఇంటివారే ఉపకారముగా చెప్పిరి, పిదప మరచిరి. పేరులేని రెండవ వరుస ఆ దుకాణదారు ఫోనే.

మరి ఇంటర్నెట్టు ఎందుకు ఆగుచుండెను? కాగితములోనే జవాబున్నది. కెమెరాకును, కుమార్తె ఫోనుకును ఎదుట 192.168.1.10 అను ఒకే చిరునామా ఉన్నది. కెమెరాకు ఆ సంఖ్యను అమర్చినవారు చేతితో వ్రాసిరి. రౌటరు ఇన్వర్టరుపై నున్నది, కెమెరా లేదు. ఒకనాడు కరెంటు పోయి కెమెరా ఆగియున్న వేళ రౌటరు ఆ చిరునామాను ఫోనునకిచ్చెను. ఆనాటినుండి రెండును పోట్లాడుకొనుచున్నవి. కెమెరా చిరునామాను సరిచేయగానే రెండును స్థిరపడినవి. ఎవరును ఏమియు దొంగిలింపలేదు.

నిజముగా పరాయివాడైనచో

అట్లని ఏమరుపాటు తగదు. బయటి ప్రపంచమునకు మన ఇల్లంతయు ఒకే చిరునామాగా కనబడునని పైన చెప్పితిని గదా! 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు పేలుటకు కొద్ది నిముషములకు ముందు పత్రికలకు ఒక ఈమెయిలు వచ్చినది. దాని చిరునామాను వెదకుచు పోయిన పోలీసులు నవీ ముంబైలో నివసించుచున్న ఒక అమెరికా దేశీయుని ఇంటికి చేరిరి. ఆయన వైఫైని ఇతరులు వాడుకొనిరని పిదప తేలినది. అంతవరకు ఆయన పడిన చిక్కు సామాన్యమైనది కాదు. చిరునామా ఇంటిని చూపును గాని మనిషిని చూపదనుటకు ఇది పెద్ద నిదర్శనము.

కావున ఈ జాగ్రత్తలు అవసరము. రహస్యపదము 12 అక్షరములకు తక్కువ కాకుండ, ఫోను నంబరుగాని ఇంటిపేరుగాని కాకుండ ఉండవలెను. రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 లేదా 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 కావలెను. రౌటరు పేజీని తెరచు రహస్యపదము వేరు. అది కొన్ననాటిదే యుండినచో వెంటనే మార్చవలెను. అతిథులకు, దుకాణదారులకు వేరుగా అతిథి వైఫై నిచ్చుట మేలు. దానిని ఆపినను ఇంటి ఫోనులకు ఇబ్బంది ఉండదు.

డబ్ల్యూపీఎస్ అను సదుపాయములోని అంకెల పద్ధతిని ఆపివేయవలెను. దీనియందలి లోపము విద్యార్థులకు మంచి లెక్క. దానిలో 8 అంకెల గుర్తు కలదు. చివరి అంకె తక్కినవాటినుండి గణింపబడునది కనుక ఊహింపవలసినవి 7. అనగా కోటి ప్రయత్నములు. కాని రౌటరు మొదటి 4 అంకెలను వేరుగా, మిగిలినవాటిని వేరుగా సరిచూచి ఏ సగము తప్పో బయటపెట్టును. అప్పుడు కావలసిన ప్రయత్నములు మొదటి సగమునకు 10,000, రెండవదానికి 1,000, మొత్తము 11,000 మాత్రమే. గుణింపవలసినచోట కూడవలసి వచ్చినందున కోటి పదకొండు వేలకు దిగినది. ఈ లోపము 2011 డిసెంబరులో వెల్లడియైనది.

కొందరు పరిచితమైన మాక్ సంఖ్యలను మాత్రమే అనుమతించు పట్టికను నమ్ముకొందురు. ఫోనులే తమ సంఖ్యను మార్చుకొనుచున్న కాలములో అది గట్టి తలుపు కాదు. కల్పిత సంఖ్య వేయగలవాడు ఇతరుల సంఖ్యను కూడ వేయగలడు. పరాయి పరికరమున్నదని నిశ్చయమైనచో రహస్యపదమును మార్చుటయే సరియైన మార్గము. దానితో అందరును ఒక్కసారిగా బయటికి పోవుదురు. కొత్త పదము తెలిసినవారే మరల లోనికి రాగలరు. నేరమేదైన జరిగినదని తోచినచో 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకు తెలుపవచ్చును.

ఉపాధ్యాయులారా, ఈ శోధనను తరగతిలో చేయించుడు. పాఠశాల రౌటరు జాబితాను నల్లబల్లపై వ్రాసి, ప్రతి వరుసకు ఆధారము చూపుమని విద్యార్థులను అడుగుడు. ద్విసంఖ్యామానము, షోడశమానము, ఘాతములు, ఒక్కొక్కదానినే మార్చి ఫలితమును చూచు ప్రయోగ పద్ధతి, ఇవన్నియు ఒక్క పాఠములో వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన పాఠము మరొకటి కలదు. తెలియని వస్తువుకు తెలిసిన మనిషి పేరు పెట్టుట మనకు సులభము. దానికి ముందు లెక్క పూర్తిచేయుట శాస్త్రీయమైన అలవాటు.

ఆ రాత్రి ఉపాధ్యాయులు కాగితమును చేతబట్టుకొని మేడమీదికి వెళ్లిరి. తొమ్మిది వరుసలను బాలునికే చూపి, ఏది ఎవరిదో చెప్పి, తన మాట తప్పని ఒప్పుకొనిరి. బాలుడు కాగితమును చాలసేపు చూచి, "రెండో అంకె ఇ ఉంటే ఎందుకట్ల అయితది సార్?" అని అడిగెను. మరునాటి సాయంత్రము వాడు పుస్తకముతో క్రిందికి వచ్చెను. ఆనాటి పాఠము ద్విసంఖ్యామానము.